తొర్ర దిగిన పిల్ల

దీనమ్మ అరుగు మీద కూర్చుని షైనీకి జడలు వేస్తోంది. పిల్లను రెండు మోకాళ్ళ మధ్య బిగించి, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని మాడుకి అద్ది, పాయలు తీసి దువ్వుతోంది. షైనీది ఉంగరాల జుట్టు, వాళ్ళ నాన్న స్టీఫెన్ పోలిక. దువ్వెన ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. పిల్ల "అమ్మా!" అని కేక పెడుతుంది. "అయిపోయింది, అయిపోయింది" అంటుంది దీనమ్మ. అయిపోవడానికి ఇంకా చాలా ఉంటుంది. నాలుగున్నరేళ్ళుగా ప్రతి పొద్దునా ఆ అరుగు మీద అదే కేక, అదే జవాబు.

ఇరవై రోజులుగా మాత్రం దాన్ని చూసే మనిషి ఒకరు ఇంట్లో ఉన్నారు. బోరింగు దగ్గర లిడియా గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ, కళ్ళు అరుగు మీద పెట్టి కూర్చుంది. దీనమ్మ అటు తిరిగినప్పుడల్లా తల దించుకుంటోంది.

లిడియా దీనమ్మకు తోడికోడలు, షైనీని కన్నతల్లి. స్టీఫెన్ లారీ ప్రమాదంలో పోయేనాటికి షైనీకి ఏడాదిన్నర. ఆర్నెల్లు తిరక్కుండా లిడియా మస్కట్‌లో ఇంటిపనికి కుదిరి వెళ్ళిపోయింది. మామిడికుదురు చుట్టుపక్కల ఊళ్ళల్లో అలా వెళ్ళిన ఆడవాళ్ళు వీధికి ఇద్దరైనా ఉంటారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. వెళ్ళేరోజు పిల్లను దీనమ్మ ఒళ్ళో పెట్టి, "రెండేళ్ళక్కా" అంది. ఆ రెండేళ్ళు నాలుగున్నరయ్యాయి.

పదహారేళ్ళ కాపురంలో దీనమ్మకు ఒక్క కాన్పూ నిలవలేదు. మాటలు వచ్చీరాగానే షైనీ ఆమెను అమ్మా అంది. మొదట్లో "పెద్దమ్మా అనాలి తల్లీ" అని సరిదిద్దింది. తర్వాత ఎప్పుడో సరిదిద్దడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

ఇప్పుడు లిడియా ఇక తిరిగి వెళ్ళనని వచ్చేసింది. అమలాపురంలో ఒక బడి హాస్టల్లో వంటపని దొరికింది. ఉండడానికి గది ఇస్తారు, షైనీని ఆ బడిలోనే చేర్చుకుంటారు. జూన్ ఒకటిన వెళ్ళి చేరాలి. ఇంటికి పెద్ద దీనమ్మ భర్త బాబూరావు. హైస్కూల్లో అటెండరు. ఎక్కువ మాట్లాడడు. లిడియా అడిగిన రోజు ఒకే ఒక్క మాట అన్నాడు.

"పిల్ల ఏడ్చుకుంటా వెళ్ళడానికి వీల్లేదమ్మా. తనంతట తను నీ చెయ్యి పట్టుకుంటే తీసుకెళ్ళు. లేదంటే ఇక్కడే ఉంటది."

ఇంకా తొమ్మిది రోజులుంది. షైనీ ఇంతవరకూ లిడియా చేతినుంచి మంచినీళ్ళ గ్లాసు కూడా అందుకోలేదు. ఆ సంగతి తలచుకుంటే దీనమ్మకు లోపల ఎక్కడో చల్లగా ఉంటుంది. అలా ఉన్నందుకు ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు సిగ్గేస్తుంది కూడా. కానీ సోమవారానికి మళ్ళీ చల్లగానే ఉంటుంది.

లిడియా చేతులు కడుక్కుని అరుగు దగ్గరికి వచ్చింది. గుప్పిట్లో రెండు గులాబీరంగు క్లిప్పులు.

"అక్కా, ఈ పూటకి ఇవి పెడతావా? తనకని తెచ్చేను."

"అడుగు దాన్నే" అంది దీనమ్మ, జడ అల్లుతూనే.

షైనీ దీనమ్మ మోకాలి వెనక్కి ఒదిగిపోయింది. "మస్కట్ అమ్మవి నాకొద్దు. గుచ్చుకుంటాయి."

"పెట్టకుండానే గుచ్చుకున్నాయా?" అని లిడియా నవ్వబోయింది. పిల్ల నవ్వలేదు. క్లిప్పులు మళ్ళీ గుప్పిట్లోకి వెళ్ళిపోయాయి. దీనమ్మ ఎర్ర రిబ్బను ముడి వేసి, జడ చివర ఒక్కసారి లాగి వదిలింది. "పో."

అరుగు దిగి పరిగెత్తిన పిల్ల అరటిచెట్ల దగ్గర ఆగిపోయింది.

"అమ్మా! పిట్ట! చెట్టు మీంచి పడిపోయింది!"

అది గోరింక పిల్ల. ఒళ్ళంతా గోధుమరంగు ఈకలు వచ్చేశాయి గాని, నెత్తి మీద ఇంకా నూగు కుచ్చులా ఉంది. తోక వేలెడు కూడా లేదు. నోటి రెండు అంచులూ పసుపు ముద్ద నలిపి అంటించినట్టున్నాయి. నేల మీద రెండు గెంతులు వేసి బొక్కబోర్లా పడి, మళ్ళీ లేచి, షైనీని చూసి నోరు తెరిచింది. లోపలంతా ఎరుపు.

ఆ చెట్టు పాత కొబ్బరిచెట్టు. మొవ్వు కింద నాలుగు మూరల దిగువన తొర్ర ఉంది. పైన కరెంటు తీగ మీద రెండు పెద్ద గోరింకలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. ఒకటి ఎగిరి వచ్చి దీనమ్మ తల మీదుగా రివ్వున పోయింది.

"ఛీ, పో!" అని కొంగు విదిలించి, దీనమ్మ వంగి పిట్టపిల్లను రెండు చేతులతో ఎత్తింది. ఉడికిన పెండలం ముక్కలా వెచ్చగా ఉంది. వేళ్ళ మధ్య దాని కాళ్ళు గీరుతున్నాయి.

"అక్కా, పైన అరుస్తన్నాయి, వాటిదేనేమో" అంది లిడియా దూరం నుంచే.

"అరుస్తాయి, అరిచి పోతాయి. తల్లి చూసుకునేదైతే కింద ఎందుకు పడనిచ్చుద్ది? వదిలేసిందిలే." దీనమ్మ పిట్టను ఒడిలో వేసుకుంది. "అయినా మనిషి చెయ్యి పడిపోయింది. ఇక తల్లి దీన్ని ముట్టుకోదు."

లిడియా తీగ మీది గోరింకల వైపే చూస్తూ నిలబడింది.

పొదిగిన కోడి పిల్లల్ని దింపితే కాకుల బారిన పడకుండా గంప కింద మూయడం దీనమ్మకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గోరింక పిల్లకూ అదే చేసింది. వెదురు గంప బోర్లించి, కదలకుండా పైన ఇటుక పెట్టింది. చిన్న మూతలో పాలన్నం మెదిపి లోపలికి తోసింది. షైనీ గంప పక్కనే బోర్లా పడుకుని, కన్నాల్లోంచి చూస్తూ, "తిను, తిను, నీకు మా అమ్మ ఉంది" అని బతిమాలుతూ కూర్చుంది.

అది తినలేదు. నోరు తెరిచేది, మూసేది. పాలన్నం మీద నడిచి కాళ్ళకి పూసుకుంది. మధ్యాహ్నానికి మూలకి చేరి, ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు అరమోడ్చింది. పిట్టలకి ఎండ దెబ్బ తగులుతుందేమోనని దీనమ్మ గంప మీద తడిగోనె కప్పింది. గోరింకలు మాత్రం తీగ మీది నుంచి కదల్లేదు. గంప దగ్గర మనిషి ఉన్నంతసేపూ అవి అక్కడే ఉన్నాయి.

సాయంత్రం దీనమ్మ కొట్టుకి వెళ్ళి వచ్చేసరికి, లిడియా గంప పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఇటుక పక్కకి తీసి ఉంది. గోనె మడిచి ఉంది.

"ఏంటా పని?"

"గంప తీసేద్దామక్కా. మధ్యాహ్నం నువ్వూ పిల్లా కునుకు తీసినప్పుడు వంటింటి కిటికీలోంచి చూసేను. తల్లి దిగింది. నోట్లో మిడత పెట్టుకుని గంప చుట్టూ తిరిగింది. కన్నాల్లోంచి ముక్కు దూర్చింది. లోపల పిల్ల నోరు తెరిచింది గాని అందలేదు."

"నీకే కనపడిందా? పొద్దున్నించి నేనిక్కడే ఉన్నాను, నాకు కనపడలేదే!"

"నువ్విక్కడ ఉన్నావనే దిగలేదక్కా."

ఆ మాట పిట్ట గురించి కాదని దీనమ్మకు అనిపించింది. లిడియా పిట్ట గురించే అన్నదేమో. కానీ ఇరవై రోజులుగా దీనమ్మ చెవులు వేరే దేనికోసమో కాచుకుని ఉన్నాయి.

"అంటే నేను అడ్డమంటావు. అంతేగా?"

"అయ్యో, నేనలా అనలేదక్కా."

"ఆటలమ్మ పోసినప్పుడు వేపాకులు పరిచి పద్నాలుగు రోజులు పక్కన కూర్చున్నదెవరు? అప్పుడు అడ్డం కాలేదేం? కింద పళ్ళూడితే తీసి దాచిందెవరు? నువ్వేం చేసేవ్? అర్ధరాత్రి ఫోన్ చేసేదానివి. పిల్ల పడుకునుండేది. 'దిండు పక్కన ఫోను నిలబెట్టక్కా, ఒక్క నిమిషం చూసి పెట్టేస్తాను' అనేదానివి. ఆ ఒక్క నిమిషం చూసి తల్లినైపోయేననుకున్నావా? వదిలేసి పోయిన మనిషివి ఇప్పుడొచ్చి..."

అక్కడ ఆగింది. అప్పుడే ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్న బాబూరావు కూడా ఆగాడు. ఒక్క చెప్పు కాలికే ఉంది.

"దీనా" అన్నాడు మెల్లగా.

లిడియా కళ్ళలో నీళ్ళు లేవు. ఆమె గంప అంచు పట్టుకునే ఉంది.

"పొద్దున్న నువ్వొక మాటన్నావక్కా. చెయ్యి మారితే ఇక తల్లి ముట్టుకోదని. అప్పటినించి అదే ఆలోచిస్తన్నాను. తల్లి ముట్టుకోదా? పిల్ల ముట్టుకోనివ్వదా? నాకు ఇదొక్కటే తెలీడం లేదు."

ఈలోగా ఇంట్లోంచి షైనీ పరిగెత్తుకొచ్చి గంప మీద వాలిపోయింది. రెండు చేతులూ చాచి గంపను కౌగిలించుకుంది.

"నా పిట్ట! ముట్టుకోకు! నువ్వు మస్కట్ పో!"

లిడియా లేచి నిలబడింది. పక్కన పడి ఉన్న ఇటుకను తనే ఎత్తి, పిల్ల చేతులకి తగలకుండా జాగ్రత్తగా మళ్ళీ గంప మీద పెట్టింది. పెరట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే గంగాధర్ వచ్చాడు. నలభై ఐదు రోజులకోసారి కొబ్బరికాయలు దింపడానికి వచ్చే మనిషి. యాభై ఏళ్ళు దాటాయి. ముప్ఫై ఏళ్ళుగా నేల మీద కంటే చెట్ల మీదే ఎక్కువ బతికాడు. కాళ్ళకి వేసుకునే తాడు భుజాన, కత్తి నడుముకి. గేటు తీస్తూనే తల పైకెత్తి గోరింకలకి దండం పెట్టాడు.

"ఏంటండీ, ఇయ్యాల ఇంత కోపంగా ఉన్నారు? మా ఇంటావిడ కూడా నన్నిన్ని తిట్లు తిట్టదండి."

"నిన్నట్నించి ఇదే గోల గంగాధరం" అంది దీనమ్మ. "పిల్ల పడిపోయింది. గంపకింద పెట్టేను. ఏమీ తినడంలేదు."

గంగాధర్ నవ్వు ఆపేశాడు. ఇటుక తీసి, గంప ఒకవైపు ఎత్తి, తల వంచి చూశాడు. ఒక వేలు లోపలికి పెట్టి పిల్ల రెక్క విప్పి చూసి, వదిలాడు.

"ఇది పడింది కాదండి. దిగింది."

"దిగడమేంటి? ఎగరడం రాదు దానికి!"

"ఆయ్, రాదండి. అది నేర్చుకోడానికే దిగింది. ఆ తొర్రలో మూడు పిల్లలుండుంటాయండి. పోయిన దింపుకి వచ్చినప్పుడు తల్లి గడ్డి మోసుకెళ్తంటే చూసేను, అందుకే ఆ చెట్టెక్కలేదు. రెండు ఎగిరిపోయుంటాయి, ఇది కడసారిది. బొచ్చు రాని పిల్ల కింద పడితే ఎత్తి తొర్రలో పెట్టాలండి, అది పడిన పిల్ల. రెక్కలొచ్చి గెంతుతా ఉంటే దిగిన పిల్ల. నాల్రోజులు నేల మీదే బడి దానికి. తల్లీ తండ్రీ పైనుంచి చూత్తానే ఉంటాయి, తిండి తెచ్చి పెడతానే ఉంటాయి. మనం చెయ్యాల్సిందల్లా పిల్లినీ కుక్కనీ కట్టెయ్యడం. తర్వాత తప్పుకోడం."

"మనిషి చెయ్యి పడిందిగా. ముట్టుకుంటుందా?"

"నేనెన్ని పిల్లల్ని ఎత్తి తొర్రల్లో పెట్టేనో లెక్కేలేదండి. ఏ తల్లీ కాదన్లేదు. చేతికి భయపడదండి తల్లి. మనిషి పక్కనుంటే భయపడుద్ది." గంగాధర్ ఇటుకను దూరంగా పెట్టాడు. "తప్పల్లా ఈ గంపదండి. కోడిపెట్టైతే పిల్లల్తో పాటు గంపకింద దూరుద్ది. గోరింకెలా దూరుద్దండీ?"

దీనమ్మ గంప వైపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా, ఎన్నో కోళ్ళను మూసిన గంప. తల్లిని బయట పెట్టి పిల్లను మూశానని ఆమెకు అప్పటిదాకా తోచలేదు.

షైనీ ఏడవడానికి సిద్ధంగా పెదవి బిగించింది. గంగాధర్ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "పాపా, నీతో పందెం. మీరంతా లోపలికెళ్ళి తలుపేసుకుని కిటికీలోంచి చూడండి. మాట్లాడకూడదు. తల్లి రాకపోతే ఇయ్యాల దింపిన కాయలన్నీ నీవే."

"అన్నీనా?"

"మీ పెదనాన్నకి కూడా ఇవ్వను."

పిట్టపిల్లను మందార పొదలో కింద కొమ్మ మీద కూర్చోబెట్టి, గంగాధర్ తోట అవతలి వైపు చెట్లకి వెళ్ళిపోయాడు. దీనమ్మ పిల్లిని వంటింట్లో పెట్టి గొళ్ళెం వేసింది. ముందుగది కిటికీ చిన్నది. షైనీ స్టూలెక్కి మధ్యన నిలబడింది, దీనమ్మ ఒక పక్క. రెండో పక్క ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర నిలబడిన లిడియా వచ్చి ఆ ఖాళీలో ఒదిగింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. మందార ఆకులు కదిలాయి. అరటి డొప్ప మీంచి నీటిబొట్టు జారింది. కాలువ మీద ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. కొమ్మ మీద పిల్ల ఒళ్ళు ఉబ్బించుకుని, ముద్దలా కూర్చుంది.

అప్పుడు తీగ మీద అరుపు ఆగిపోయింది.

నిన్నటి నుంచి చెవుల్లో మోగుతున్న చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి దీనమ్మ తలెత్తి చూసింది. ఒక గోరింక తీగ విడిచి గోడ మీద వాలింది. గోడ మీంచి నేల మీదకి. వెంటనే పిల్ల దగ్గరికి పోలేదు. వాకిట్లో ఏదో పనున్న మనిషిలా అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచింది. మందార వైపు చూడను కూడా చూడలేదు. కిటికీ వైపు మాత్రం ఒక కన్ను పెట్టి నిలబడింది.

తర్వాత అది గెంతింది. ఇంకో గెంతు. పొదలోకి వెళ్ళిపోయింది.

పిల్ల ఒక్కసారిగా విచ్చుకుంది. ముద్దలా ఉన్నదల్లా రెక్కలు రెండూ చాచి, ఒళ్ళంతా వణికిస్తూ, తలకంటే పెద్దగా నోరు తెరిచింది. తల్లి ముక్కు ఆ ఎర్రటి నోట్లోకి కళ్ళదాకా దిగిపోయింది. పచ్చటి మిడత కాలు ఒకటి బయట వేలాడి, లోపలికి పోయింది. నిన్నంతా పాలన్నం తొక్కి, కళ్ళు మూసుకుని మూలన పడి ఉన్నది ఇదేనా అనిపించింది దీనమ్మకు. దానికి ఆకలి లేక కాదు. ఏ నోటితో పెట్టాలో తనకు తెలియలేదు, అంతే.

"వాళ్ళమ్మ" అంది షైనీ గుసగుసగా. ఒక వేలు ముడిచింది. "ఒకటి."

తల్లి ఎగిరింది, తండ్రి దిగింది. అది వెళ్ళింది, ఇది వచ్చింది. మిడత, పురుగు, ఎక్కడిదో ఈతపండు. షైనీ వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. ఆరు. ఏడు. దీనమ్మకు పొయ్యి మీద ఎసరు గుర్తుకు రాలేదు. చర్చిలో ఆరాధనవేళ అందరూ తలలు వంచినప్పుడు ఉండే నిశ్శబ్దం ఆ చిన్న గదిలోకి వచ్చి కూర్చుంది. ఇంత పెద్ద తోటలో, ఇన్ని చెట్లలో, ఆ రెండు పిట్టలకీ ఆ ఒక్క నోరు తప్ప ఇంకేమీ లేదు. అవి నిన్నంతా ఏమీ తినలేదని, ఈ వాకిలి విడిచి పోలేదని ఆమెకు ఇప్పుడు తట్టింది.

"పది" అంది షైనీ. రెండు చేతులూ గుప్పిళ్ళయిపోయాయి.

తల్లి మళ్ళీ దిగింది. షైనీకి వేళ్ళు లేవు. కళ్ళు కిటికీ మీంచి తిప్పకుండానే, పక్కన కిటికీ ఊచ మీద ఉన్న చెయ్యి అందుకుని, దాని చిటికెన వేలు ముడిచింది.

"పదకొండు."

అది లిడియా చెయ్యి. లిడియా కదల్లేదు. ముడుచుకున్న ఆ వేలిని అలాగే ఉంచేసింది. తండ్రి గోరింక వచ్చినప్పుడు షైనీ రెండో వేలూ ముడిచింది. అది ఎవరి చెయ్యో పిల్ల చూసుకోలేదు. దీనమ్మ చూసింది.

"ఇంతసేపూ వాళ్ళమ్మ ఎక్కడుందమ్మా?" అని అడిగింది షైనీ.

"ఇక్కడే ఉంది తల్లీ" అంది దీనమ్మ. "మనం పక్కనున్నామని దిగలేదు."

అన్నాక ఆమెకు తన మాటే వినపడింది. దాంతోపాటే, ఎందుకో, పాత ఫోను గుర్తొచ్చింది. దిండు పక్కన మరచెంబుకి ఆనించి నిలబెట్టి తను నిద్రపోయేది. పొద్దున లేచి ముట్టుకుంటే చెయ్యి కాలేటంత వేడిగా ఉండేది. చార్జింగ్ ఒక్క గీత కూడా మిగిలేది కాదు. పాడు ఫోను, పాడు బ్యాటరీ అని తిట్టుకుంటూ మామిడికుదురు తీసుకెళ్ళి రెండుసార్లు బ్యాటరీ మార్పించింది. కొత్త బ్యాటరీ కూడా తెల్లారేసరికి చచ్చిపోయేది.

దీనమ్మ కిటికీలోంచి చూపు తిప్పింది.

"లిడియా."

"ఆఁ అక్కా."

"ఆ ఫోను... ఒక్క నిమిషం చూసి పెట్టేసేదానివి కాదు కదూ?"

లిడియా కిటికీలోంచే చూస్తోంది. "పెట్టేద్దామనే అనుకునేదాన్నక్కా. పిల్ల ఒక పక్కకి తిరిగేది. మళ్ళీ ఇటు తిరుగుద్దేమో, మొహం కనపడుద్దేమో అని ఉండేదాన్ని. ఇటు తిరిగేక పెట్టబుద్ధయ్యేది కాదు. అక్కడ మేడం లేచి పిలిచేదాకా ఉంచేదాన్ని. ఊపిరి వినపడేది. నువ్వు గురక పెట్టేదానివి."

"నేనా?"

"ఆయ్. బావగారి కంటే ఎక్కువ."

దీనమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండిపోయాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, బయట పిట్టకి వినపడకుండా. "రెండుసార్లు బ్యాటరీ మార్పించేనే పిచ్చిదాన్ని. ఆ కొట్టువాడితో గొడవ కూడా పడ్డాను."

"మాట్లాడకూడదన్నాడు గంగాధరం" అంది షైనీ కోపంగా. "పదమూడు."

గంగాధర్ పందెం గెలిచాడు. అయినా పోతూ పోతూ రెండు బొండాలు కొట్టి పిల్లకిచ్చాడు.

తర్వాత రెండు రోజులూ ఇంట్లో అందరూ పక్కకి పక్కకి నడిచారు. పిల్లికి వంటింట్లోనే కాపురం. బాబూరావు సైకిలు గేటు బయటే దిగి, మోసుకుంటూ లోపలికి తెచ్చేవాడు. గోరింక పిల్ల వాకిట్లో గెంతుతూ, మందార కొమ్మ నుంచి గోడ మీదకి, గోడ నుంచి బోరింగు మీదకి ఎక్కడం నేర్చుకుంది. పడేది. పడినప్పుడల్లా షైనీ "అయ్యో" అనేది, ఎత్తడానికి పరిగెత్తబోయి తనే ఆగేది. రెండో రోజు సాయంత్రం అది బోరింగు మీంచి లేచి, తూలుతూ, వాకిలి దాటి, కాలువ దాటి, అవతలి గట్టున ఉన్న చెట్టులోకి వెళ్ళిపోయింది. రెండు గోరింకలూ దానికి చెరోపక్కా ఎగిరాయి. బాబూరావు చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఓర్నాయనో" అన్నాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడింది అదే.

మర్నాడు పొద్దున వాకిలి మామూలుగా ఉంది. తీగ మీద ఎవరూ లేరు. దీనమ్మ అరుగు మీద కూర్చుంది. నూనె సీసా పక్కన పెట్టుకుంది. షైనీ వచ్చి మోకాళ్ళ మధ్య ఒదిగి, అలవాటుగా తల వెనక్కి వాల్చింది. దీనమ్మ రాత్రి జడలు విప్పింది. ఉంగరాల జుట్టు చేతుల్లో గుట్టలా పడింది. కొబ్బరినూనె, చెమట, పిల్ల వాసన. దీనమ్మ ఆ జుట్టు మీద ముక్కు ఆనించి కొంచెంసేపు అలాగే ఉంది.

బోరింగు దగ్గర లిడియా గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. కళ్ళు ఇటే ఉన్నాయి.

ఇంకా ఐదు రోజులుంది.

దీనమ్మ మోకాళ్ళు సడలించింది. దువ్వెన షైనీ చేతిలో పెట్టింది. ఎర్ర రిబ్బన్లు అరుగు మీద పరిచింది. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా? జడ?" అంది షైనీ.

దీనమ్మ మెట్లు దిగింది. బోరింగు పక్కనుంచే నడిచింది. లిడియా తలెత్తింది. గేటు తీసింది, మళ్ళీ వేసింది. గొళ్ళెం చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి వేసింది. కాలువ గట్టున నడక మొదలుపెట్టింది. వెనక్కి చూడాలని మెడ నరాలన్నీ లాగుతున్నాయి. చూడలేదు.

పది అడుగులు వేసిందో లేదో, వెనక గిన్నె ఒకటి కింద పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు. దీనమ్మ నడుస్తూనే ఉంది. కాలువ నీళ్ళలో ఆమె నీడ ఆమెతోపాటు నడుస్తోంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంటివైపు నుంచి షైనీ కేక వినపడింది.

"అమ్మా!"

నాలుగున్నరేళ్ళ అలవాటు. దీనమ్మ పెదవులు జవాబు చెప్పడానికి విచ్చుకున్నాయి.

ఆమె కంటే ముందు, అరుగు మీది నుంచి ఇంకో గొంతు, అచ్చం ఆమె మాటే, ఆమె యాసే, "అయిపోయింది, అయిపోయింది" అంది.

దీనమ్మ నోరు మూసుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని, వంతెన దాటి వెళ్ళిపోయింది.